కానికి సోలెడు
నాణెముల నడక: తొమ్మిదవ ప్రకరణము

బందరు మనిషి తన సంపాదనను డబ్బు అనును. అనంతపురము మనిషి దుడ్డు అనును. ఓరుగల్లు మనిషి పైసలు అనును. ఈ మూడును చిన్న రాగినాణెముల పేళ్లే. గత ప్రకరణమున మనము విస్తరించి చెప్పుకొన్న వరహా గాని, దానిలో సగమైన మాడ గాని తెలుగుదేశమున ఏ మూలను ధనమునకు సామాన్యనామము కాలేకపోయినది. వరహా రాజు బొక్కసములో నుండెను, దేవుని ముడుపులో నుండెను, కలవారి యింట భూమిలో పాతిన బిందెలో నుండెను. పాలు పోసిన గొల్లవాని చేతికిని, గాజులు తొడిగిన సెట్టి చేతికిని, పల్లకి మోసిన బోయీ చేతికిని వచ్చినది రాగి. మనిషి నిత్యము తాకినదాని పేరే ధనమునకంతకును పేరైనది. చేత ఏమియు లేదని చెప్పవలసివచ్చినప్పుడు సైతము మనవారు వరహా లేదనరు, ఎఱ్ఱ ఏగాని లేదందురు. ఆ ఎఱుపు రాగి ఎఱుపు. దానికంటెను దిగువమెట్టున నిలిచినది చిల్లిగవ్వ.

కావున ఈ ప్రకరణమును చిన్న నాణెములకే కేటాయించితిని. మా కాలమున కానికి ఇంత వచ్చెడిది, అణాకు అంత వచ్చెడిది అని పెద్దలు చెప్పగా విని, ఆ దినములు ఎంత చల్లని దినములో యని తలపోయుట మనకందరకును అలవాటు. వారు చెప్పినది అబద్ధము కాదు. అయితే ఆ మాటకు ముందు మఱియొక మాట ఉన్నది: ఆ కాని చేతికి వచ్చుటకు ఎంత ప్రొద్దు నడుము వంచవలసివచ్చెను అనునది. వెలలను వ్రాసిపెట్టినవారు పెక్కండ్రు, కూలిని వ్రాసిపెట్టినవారు కొందరు. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూడనిదే చిన్న నాణెము విలువ మనకు బోధపడదు.

మన ప్రాచీన సాహిత్యమున ఒక పూట భోజనము వెల స్పష్టముగా పలికిన చోటు, నేనెఱిగినంతలో, క్రీడాభిరామము. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ఆ వీథిరూపకమున (అందు శ్రీనాథుని చేయి కలదని వాదించు పండితులును కలరు) గోవింద మంచనశర్మయు, అతని మిత్రుడు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీథులలో విహరించుచుండగా లక్ష్మణవజ్ఝల యింటి పూటకూటి ప్రసక్తి వచ్చును. ఒక్క రూకకు ఆ యింట కప్పురభోగి బియ్యపు టన్నము, గోధుమపిండి వంటకము, గుప్పెడు పంచదార, క్రొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు విధములు, గడ్డకట్టిన పెరుగు దొరకునట. చదువునప్పుడు నోరూరును, ఎంత చవుక యనిపించును. అయితే రూక యనగా నేమి? చిటికెనవ్రేలి గోటిపై నిలుచునంత చిన్న బంగారు నాణెము. చిన్నదైనను బంగారము బంగారమే. వేడుకకై వెడలిన ఇరువురు రసికులు కోరుకొన్న విందు అది; కోటగోడకు రాళ్లెత్తిన వాని సంకటిముద్ద వెల ఆ కావ్యమున లేదు. అది కవి దోషమని నేననను. అతడు చూపదలచినది నగరపు విలాసమును, దానిని చక్కగా చూపెను. చరిత్రకారుడు మాత్రము ఆ పద్యమును చేతబట్టుకొని కాకతీయుల కాలమున అందఱును రూకకు విందారగించిరని చెప్పరాదు.

విజయనగరమునకు వచ్చునప్పటికి మనకు లెక్కలు దొరకును. 1443లో ఆ నగరమును చూచిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడి నాణెముల మెట్లను వరుసగా వ్రాసెను: వరహాలో సగము ప్రతాపము, ప్రతాపములో పదవ పాలు పణము, పణములో ఆఱవ పాలు తార యను వెండినాణెము, తారలో మూడవ పాలు జీతల్ అను రాగినాణెము. గుణించి చూడగా ఒక వరహాకు 360 జీతళ్లు. ఆ తరువాత ఇంచుమించు ఎనుబది సంవత్సరములకు, కృష్ణదేవరాయల కాలమున, అదే నగరపు సంతలలో తిరిగి చూచిన పోర్చుగీసు వాడు డొమింగో పేస్, వరహాకు పండ్రెండు బ్రతికియున్న గొఱ్ఱెలు వచ్చుననియు, కొండప్రాంతములలో పదునాలుగు పదునైదు కూడ ఇత్తురనియు, పణమునకు దానిమ్మపండ్లు పది, ద్రాక్షగుత్తులు మూడు అనియు వ్రాసెను. తమ దేశపు వింటెమ్ నాణెమునకు నగరమున మూడు కోళ్లు, నగరము వెలుపల నాలుగు కోళ్లు అనియు అతడు గుర్తుపెట్టుకొనెను.

ఈ వెలలను విడివిడిగా చదివి చవుక యనుకొని సాగిపోవుటకంటె, ఒకదానితో నొకటి తూచి చూచుట మేలు. రజాక్ చెప్పిన మెట్ల ప్రకారము లెక్కగట్టినచో గొఱ్ఱె వెల 30 జీతళ్లు, ద్రాక్షగుత్తి వెల 6 జీతళ్లు. అనగా అయిదు ద్రాక్షగుత్తులు ఒక గొఱ్ఱెకు సమానము! నేడు ఏ సంతలోనైనను ఇట్టి బేరము ఊహింపనలవియగునా? కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. గొఱ్ఱె రాయలసీమ మెట్టలలో ఊరక మొలచిన గడ్డి మేసి పెరుగును. ద్రాక్షకు తోట కావలెను, కాలువనీరు కావలెను, పందిరి కావలెను, కాపలా కావలెను. ఆ నగరమున నీటికున్న వెల ఆ ద్రాక్షగుత్తిలో తెలియుచున్నది. పేస్ వ్రాసిన తక్కిన వెలలకంటె ఈ రెండంకెలే నాకు మిక్కిలి విలువైనవిగా తోచినవి.

ఇంగ్లీషు కంపెనీ దినములలో మద్రాసు రాజధాని లెక్క మఱియొక తీరున నడచెను. ఎనుబది కాసులు ఒక పణము, అనగా మన రూక. నలువదిరెండు రూకలు ఒక వరహా. ఇరువది కాసుల రాగినాణెము డబ్బు. నలుబదియెనిమిది డబ్బులు ఒక రూపాయి. ఆ డబ్బే నేడు మన నాలుకపై ధనమంతటికిని పేరై నిలిచినది. ఆ కాలపు వెండి రూకలపై తమిళముతోపాటు తెలుగు లిపియు చెక్కబడినది.

ఈ రాగిలో కొంత భాగము ఈ దేశపు టంకశాలలలో గాక, ఇంగ్లండున బర్మింగుహాము నగరము చెంత మాథ్యూ బోల్టన్ అనువాని సోహో టంకశాలలో ఆవిరియంత్రములచే అచ్చువేయబడి ఓడలపై వచ్చెడిది. ఒకవైపు కంపెనీ ముద్ర, వేఱొకవైపు పారశీకాక్షరములు. 1808 సంవత్సరపు ముద్రగల పది కాసుల, ఇరువది కాసుల నాణెములను టన్నులకొలది నింపుకొని మద్రాసునకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అను ఓడ, 1809 జనవరిలో ఇంగ్లండు తీరము దాటకమునుపే గుడ్విన్ ఇసుకదిబ్బలపై తుపానునకు చిక్కి మునిగిపోయెను. మన సంతలలో చేతులు మారవలసిన ఆ రాగి నూటడెబ్బదియైదేండ్లు సముద్రగర్భమున నుండి, 1980 దశకమున మునుగువారిచేత వెలికి తీయబడినది. అట్టి ఇరువది కాసుల నాణెమునొకదానిని నేను చేతబట్టి చూచితిని. ఏ వ్రేలి రాపిడియు సోకనందున అక్షరములింకను పదునుగానున్నవి. సోలెడు జొన్నలకై గాని, గిద్దెడు నూనెకై గాని అది ఏనాడును ఎవరి అరచేతను వెచ్చబడలేదు గదా యని ఆ క్షణమున మనస్సు చివుక్కుమన్నది.

ఆ దినముల రైతుకు చిన్న నాణెము వలన కలిగిన కష్టమొకటి ఇచట చెప్పితీరవలెను. అతడు కూరగాయలమ్మినను, గడ్డిమోపు నమ్మినను వచ్చినది రాగి; సర్కారునకు కట్టవలసిన శిస్తు వెండి. రాగిని వెండిగా మార్చుకొనుటకు సరాఫు అంగడికి పోవలెను. సరాఫు వట్టము పట్టును. శిస్తు కిస్తీ దగ్గరపడిన కొలది అందఱును వెండికై ఎగబడుదురు గనుక ఆ వట్టము పెరుగును. తూకములో మోసము లేక, లెక్కలో తప్పు లేక, రైతు కష్టమునందు కొంత భాగము ఆ బల్లమీదనే మిగిలిపోయెడిది. 1818లో మద్రాసు రాజధానికి వెండి రూపాయి ప్రమాణమైనది. 1835లో దేశమున కంపెనీ యేలుబడిలోని భాగమంతటికిని ఒకే రూపాయి వచ్చినది.

ఆ 1835 నాటి రూపాయి 180 గ్రెయినుల ఎత్తు, అనగా సరిగా తులము; పసరువైద్యులు నేటికిని రూపాయి ఎత్తు అని మూలికలు తూచుట దానివలననే. రూపాయికి పదునాఱణాలు, అణాకు పండ్రెండు దమ్మిడీలు, అణాలో నాలుగవ పాలు కాని, నూఱు గ్రెయినుల రాగి. ఈ కాని యను పేరు ఇంగ్లీషువారిచ్చినది కాదు. మన వీథిబడులలో పిల్లలు వల్లించిన భిన్నములలో పదునాఱవ పాలు వీసము, అఱువదినాలుగవ పాలు కాని. రూపాయిని అఱువదినాలుగు పాళ్లు చేసిన నాణెము వచ్చినప్పుడు దానికి పేరు వెదకుకొనవలసిన పని తెలుగువానికి లేకపోయినది.

ఆ లెక్కయందలి అందమును నేటి పాఠకులకు కొంచెము విడమరచి చెప్పుదును. రెండు కానులు అర్ధణా, రెండు అర్ధణాలు అణా, రెండణాలు బేడ, రెండు బేడలు పావలా, రెండు పావలాలు అర్ధరూపాయి, రెండు అర్ధరూపాయలు రూపాయి. ప్రతి మెట్టును దాని క్రింది మెట్టునకు రెట్టింపు. ఇక కొలపాత్రలను చూడుడు: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. అదియు సగముసగముగా విరిగినదే. కుంచము పావలా యని అంగడివాడు చెప్పిన మాత్రమున, మానిక అణా, తవ్వ అర్ధణా, సోల కాని యని ఏ యక్షరమును రాని ముసలమ్మకైనను రెప్పపాటున తెలిసిపోవును. పలక అక్కరలేదు, పెన్సిలు అక్కరలేదు, ఎవరిని నమ్మవలసిన పనియు లేదు. నాణెమును పాత్రయు ఒకే తీరున విరుగుటచే బీదవాడు మోసపోకుండ తన్ను తాను కాపాడుకొనగలిగెను. ఇది చిన్న సౌకర్యమని నేననుకొనను.

సోలకు దిగువనున్న గిద్దయొద్ద మాత్రము ఈ జత తప్పును. గిద్ద కానిలో నాలుగవ పాలు కావలెను. దమ్మిడీ మూడవ పాలు. ఆ చిన్న ఎడమును పూడ్చినవి గవ్వలు, ఆ తరువాత కొసరు. కొసరు అడిగి పుచ్చుకొనుట మనకు ఎప్పటినుండియో ఉన్న హక్కు. బేరము తెగిన పిమ్మట అంగడివాడు పొట్లములో వేసిన ఆ నాలుగు గింజలు దానము కావు, లెక్కలో మిగిలిన భాగము.

మా అమ్మమ్మ నన్ను కోమటి కొట్టునకు పంపిన దినములు నాకు జ్ఞాపకము. పోపుల పెట్టెలో ఆవాల గిన్నె క్రింద చిల్లర దాచియుంచెడిది. గిద్దెడు నూనెకు ఇత్తడి చెంబు, కానికి చింతపండు, మఱియొక కానికి బెల్లము, తిరిగి వచ్చునప్పుడు చేతిలో దమ్మిడీ మిగులవలెను. మిగిలిన దమ్మిడీ జీళ్లకు పోయెనేమో యని అరచేయి విప్పించి చూచెడిది. నూనె పోసిన పిదప అంగడి తాతయ్య గిద్దను చెంబుపై బోర్లించి చివరి చుక్క జారువఱకు పట్టుకొని నిలుచుండెడివాడు. ఆ చుక్క జారకమునుపు కొలత పూర్తికాలేదని ఆయనకును తెలియును, నాకును తెలియును. అంతసేపు ఇరువురమును మాటలాడెడివారము కాము.

సర్కారు సయితము కానికి కొన్ని వస్తువులను అమ్మెను. వానిలో రెండు మన బ్రతుకును నిజముగా మార్చినవి. మొదటిది తపాలా. 1854లో పావు తులము ఎత్తు ఉత్తరము దేశమున ఎంత దూరమునకైనను అర్ధణాకు పోవునని నిర్ణయించిరి. 1879 జూలై 1న కాని వెలకు పోస్టుకార్డు వచ్చినది. మన పల్లెలలో దానిని కార్డుముక్క అనిరి. రంగమునకు (రంగూనునకు) కూలికి పోయిన కొడుకు కుశలము శ్రీకాకుళపు తల్లికి తెలియవలెనన్నచో, మనిషిని పంపుట ఊహకందని ఖర్చు. సోలెడు గింజల వెలకు కార్డుముక్క గంజాము నుండి తిరునల్వేలి వఱకు నడచెను. ఆ వెల నలుబదిరెండు సంవత్సరములకు పైగా కదలలేదు. 1922లో అర్ధణా అయ్యెను, 1931లో తొమ్మిది దమ్మిడీలు అయ్యెను.

రెండవది కొయినా పొట్లము. 1892లో బెంగాలున జార్జి కింగ్ అను అధికారి, తపాలాకచ్చేరీలలో కానికి ఒక క్వినైను పొట్లము అమ్మించు పద్ధతిని నెలకొల్పెను. అది తక్కిన రాజధానులకును వ్యాపించినది. మన రాజధానికి కావలసిన క్వినైనును నీలగిరులలో నడువట్టమునందలి సర్కారు కర్మాగారము తయారు చేసెను. మన్యపు చలిజ్వరమును ఎఱిగిన గోదావరి మండలమువారికి ఆ చేదు పొట్లము వెల ఎంత తక్కువయో చెప్పనక్కరలేదు. రాగినాణెము ప్రాణము నిలిపిన సందర్భములు చరిత్రలో అరుదు. ఇది వానిలో నొకటి.

ఇక వెలల ప్రక్కన కూలిని ఉంచి చూడవలసిన చోటు వచ్చినది. 1876లో, ధాత నామ సంవత్సరమున, వానలు చెడి కర్నూలు, బళ్లారి, కడప, నెల్లూరు మండలములు మాడిపోయినవి. ధాత కఱవు అను మాట రాయలసీమ ఇండ్లలో ఇంకను భయముతోనే పలుకుదురు. ఆ కఱవు పనులలో మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని 1877 జనవరిలో ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించెను. ఆడువారికిని పిల్లలకును అంతకంటె తక్కువ. ఒక పౌను అనగా నలుబది తులములకు కొంచెము తక్కువ. దినమంతయు మన్ను మోసిన మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించెను. అణాకు ఎంతో వచ్చిన కాలమనుకొందుము గదా; కఱవునాడు ధాన్యపు వెల ఆకాశమంటగా ఆ అణా ఏమి కొనగలదు? మామూలు సంవత్సరమున నాలుగు సోలలు తెచ్చిన అణాయే ఆనాడు కడుపులో ఒక మూల నింపలేకపోయెను. నాణెముపై రాణి తల మారలేదు, రాగి ఎత్తు మారలేదు.

ఉప్పు సంగతి మఱింత బాధాకరము. చినగంజాము తీరమున సముద్రము ఊరక ఇచ్చెడి వస్తువు అది. 1888లో ఉప్పుపై పన్ను మణుగునకు రెండున్నర రూపాయలు చేసిరి. మణుగుకు నలువది సేర్లు. రెండున్నర రూపాయలకు నలువది అణాలు. అనగా సేరు ఉప్పుపై పన్నే ఒక అణా! ధాత కఱవునాటి కూలివానికి ధాన్యముపై ఇచ్చిన అణాకు, పదేండ్లు తిరిగిన పిమ్మట, సేరు ఉప్పు పన్ను మాత్రమే సరిపోయెను. ఉప్పు వెల వేఱు. ఆ పన్ను తగ్గుచు, 1923లో మరల రెండున్నరకు ఎక్కుచు, 1924లో రూపాయి పావలాకు దిగినది. 1930 మార్చి 2వ తేదీన గాంధీ మహాత్ముడు వైస్రాయి ఇర్విన్‌నకు వ్రాసిన లేఖలో ఈ దేశపు మనిషి సగటు రాబడి దినమునకు రెండణాలకు లోపనియు, వైస్రాయి రాబడి దినమునకు ఏడువందల రూపాయలకు పైబడినదనియు చెప్పెను. బేడకు లోపు రాబడి గలవాడు సేరు ఉప్పు కొనినప్పుడు అర్ధణా పన్ను కట్టెను. ఒంగోలు చెంత దేవరంపాడు శిబిరమున ఉప్పు వండినవారు పోరాడినది ఈ అర్ధణాకై. అర్ధణా యని చులకన చేయువారు ఆ రాబడిని ఒకసారి తలచుకొందురు గాక.

ఆ వెంటనే వచ్చిన ఆర్థికమాంద్యమున వెలలు కూలిపోయినవి. కృష్ణా గోదావరి డెల్టాలలో వడ్ల వెల ఇంచుమించు సగమైనది. శిస్తు మాత్రము తగ్గలేదు. కాని మునుపటికంటె ఎక్కువ కొనగలిగిన దినములు అవి, ఆ కాని చేత నున్నవారికి.

చిన్న నాణెము అక్షరమును సైతము కొనెను. 1938 ప్రాంతమున హైదరాబాదున కె.సి. గుప్త స్థాపించిన అణా గ్రంథమాల, తెలుగు చదువునకు ఆదరణ కరవైన నిజాము రాజ్యమున, అణాకొక పుస్తకము చొప్పున జనుల చేత పెట్టెను. బీడీకట్టకును తాంబూలమునకును పోవు అణాను పుస్తకమునకు త్రిప్పగలిగినవారిని నేను పెద్ద దాతలతో సమానముగా గౌరవింతును. అణా యనగానే నాకు తోచునది మఱియొకటి: 1907 నుండి వచ్చిన నికెలు అణా, అంచు పూరేకులవలె వంపులు తిరిగినది, దానిపై ఉర్దూ, నాగరి, బెంగాలీ అక్షరములతోపాటు ఒక అణా యని తెలుగు అక్షరములును ఉండెను. బడికి పోని పిల్లవాడు సయితము ఆ నాలుగు అక్షరములు వ్రేలితో తడిమెడివాడు. 1918 నాటి చదరపు బేడపైనను మన లిపి ఉండెను.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చి రాగిని మ్రింగినది. చిల్లర దొరకక అంగళ్లు మూగవోయినవి. 1943లో సర్కారు నడుమ పెద్ద చిల్లుపెట్టి, పాత కానిలో సగమునకంటె తక్కువ ఎత్తున క్రొత్త కాని తెచ్చెను. చిల్లుకాని యని పిల్లలమందఱమును దానిని వింతగా చూచితిమి. మా అమ్మమ్మ వానిని పురికొసకు దండగ్రుచ్చి వంటయింటి మేకునకు తగిలించెను. పోపుల పెట్టె అక్కరలేకపోయినదని ఆమెకు తృప్తి. అవసరము వచ్చినప్పుడు ముడి విప్పి, ఒక్కొక్క కానిని జార్చి, మరల ముడివేసెడిది. అయితే ఆ దండ ఎంత పొడవైనను, మునుపు కానికి వచ్చిన చింతపండు ఆ చిల్లుకానికి రాలేదు. యుద్ధము ముగియునప్పటికి ఆమె ఒక పొట్లమునకు రెండు కానులు జార్చుట నేర్చుకొనెను.

1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చినది. రూపాయికి నూఱు నయాపైసలు. అది గణితమునకు సుగమము, దేశమునకు అవసరము; ఆ నిర్ణయమును నేను మెచ్చుకొందును. అయినను మార్పిడి పట్టిక బీదవానికి కొంత అన్యాయము చేసినదని వ్రాయక తప్పదు. అణా ఆఱు నయాపైసలు. కాని రెండు నయాపైసలు. ఒకేసారి అణా సరుకు కొన్నవాడు ఆఱు ఇచ్చును. అదే సరుకును కాని చొప్పున నాలుగుమాఱులు కొన్నవాడు ఎనిమిది ఇచ్చును. ఎవరు కొద్దికొద్దిగా కొందురో మనకు తెలియును గదా. ఆ రెండు నయాపైసల నష్టమును లెక్కగట్టినవారు నాకు ఏ గ్రంథమునను కనబడలేదు గాని, వీధిచివర అంగళ్లలో ఆ సంవత్సరమంతయు జరిగిన తగవులు నేను విన్నవే. కొలపాత్రలకును నాణెములకును తరతరములుగా నున్న జత అక్కడితో తెగిపోయినది.

1964 జూన్ 1న నయా అను మాట పోయినది. 2011 జూన్ 30న పావలాయు, దానికి దిగువనున్న నాణెములన్నియు చెల్లుబాటు కోల్పోయినవి. అయినను మన మాటలలో అవి చెల్లుచునే యున్నవి. నూటికి నెలకు పావలా చొప్పున అప్పులిచ్చు ప్రభుత్వ పథకము ఈ శతాబ్దమున వచ్చి పావలా వడ్డీ యని ఊరూర పిలువబడెను. శుద్ధమైనదానిని పదహారణాలది యందుము. పనికిమాలిన శ్రమను చూచి దమ్మిడీ ఆదాయము లేదు, గడియ తీరిక లేదు అందుము.

వచ్చే ప్రకరణమున నిజాము హాలీ సిక్కాను గూర్చి వ్రాయుదును. అక్కడి ఏడు రూపాయలు ఇంగ్లీషు రూపాయలు ఆఱింటికి సమానము, ఆ ఎడమున జరిగిన వ్యాపారము చాల ఉన్నది. అందాక పాఠకులకు నాదొక మనవి. మీ యింటి అటకపై తాతముత్తాతల పద్దుపుస్తకములుండును. వానిలో బియ్యము వెలయు, కూలివానికిచ్చిన అణాలును ఒకే పుటలో వ్రాసియుండును. ఏ ప్రభుత్వపు దఫ్తరమునను ఆ రెండును అంత దగ్గరగా దొరకవు. వానిని పాతకాగితముల వానికి తూకమునకు వేయక, ఒక్క సంవత్సరపు పద్దునైనను నకలు వ్రాసి మీ ఊరి గ్రంథాలయమున నుంచుడు.